కైరోనుండి కేప్‌టౌనునకు ఎంత దూరము?

నేను భూగోళశాస్త్రము చదివినవాడను గాను. వ్యాకరణము, అలంకారశాస్త్రము, కొంత జ్యోతిషము గురువుగారి యింట చదివికొని, పిమ్మట భాషాప్రవీణ పరీక్షయందు ఉత్తీర్ణుడనై, ముప్పదిరెండు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు బోధించి, ఇప్పుడు విశ్రాంతి ననుభవించుచున్నవాడను. విమాన మెక్కినది జన్మమున ఒక్కసారియే, హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు. అందును సగము సేపు కన్నులు మూసికొనియే యుంటిని. ఇట్టివాడు ఆఫ్రికాఖండమున ఈ కొననున్న కైరో నగరమునకును ఆ కొననున్న కేప్‌టౌను నగరమునకును నడుమ గల దూరమును గూర్చియు, ఆకాశమార్గమున ఆ దూరమును గడచుటకు పట్టు కాలమును గూర్చియు ప్రసంగింప బూనుట మీకు వింతగా దోచవచ్చును. దీనికి కారణ మొక పాత తప్పు. ఆ తప్పు నాది.

1987 వ సంవత్సరమున మా పాఠశాలలో భూగోళము చెప్పు ఉపాధ్యాయుడు సెలవుపై వెళ్లగా, తొమ్మిదవ తరగతికి ఆ పాఠములను రెండు వారములపాటు నన్ను చెప్పుమనిరి. పండితునకు భూగోళ మేల యని నేను సణగికొంటిని గాని, చెప్పక తప్పినది కాదు. చివరిదినమున ఒక చిన్న పరీక్ష పెట్టితిని. కైరోనుండి కేప్‌టౌనునకు ఎంత దూరము? గంటకు 800 కిలోమీటర్లు పోవు విమానమునకు ఆ దూరము గడచుటకు ఎన్ని గంటలు పట్టును? ఇదియే ప్రశ్న. గోడకు వ్రేలాడుచున్న ప్రపంచపటముపై నేను ముందుగనే బద్దతో కొలిచి, పటము క్రింద నిచ్చిన కొలమానముతో సరిచూచుకొని, 7,650 కిలోమీటర్లు, తొమ్మిదిన్నర గంటలు, అని సమాధానము సిద్ధము చేసికొని యుంటిని. పిల్లలందఱును అటునిటుగా అట్లే వ్రాసిరి. ఒక్క బాలుడు మాత్రము 7,200 కిలోమీటర్లు, సరిగా తొమ్మిది గంటలు, అని వ్రాసెను. ఎఱ్ఱసిరాతో కొట్టివేసి సున్న చుట్టితిని. వాడు లేచి నిలిచి, "మాస్టారండీ, నేను బీరువాలో ఉన్న గోళం మీద నూలుపోగుతో కొలిచానండీ" అనెను. "గోళము ఆడుకొనుటకు, పటము చదువుకొనుటకు, కూర్చో" అంటిని. తరగతి యంతయు నవ్వెను. వాడు కూర్చుండెను.

వాడు వ్రాసినదే సరి. ఆ సంగతి నాకు తెలియుటకు ఏడెనిమిది సంవత్సరములు పట్టినది. అప్పటికి వాడు ఊరు విడిచి పోయెను.

ఇపుడు మీరు ఒక్క నిముషము ఆఫ్రికా పటమును మనస్సున తలచుకొనుడు. కైరో నైలునది ముఖద్వారమునకు కొంచెము పైగా, భూమధ్యరేఖకు ఉత్తరమున 30 డిగ్రీల అక్షాంశమున నున్నది. కేప్‌టౌను దక్షిణమున దాదాపు 34 డిగ్రీల అక్షాంశమున, బల్లవంటి కొండ క్రింద, సముద్రపు టొడ్డున నున్నది. ఒకటి 31 డిగ్రీల తూర్పు రేఖాంశమునకు చేరువను, వేఱొకటి 18 డిగ్రీలకు చేరువను ఉండుటచే, రెండును ఇంచుమించు ఒకే ఉత్తరదక్షిణ రేఖపై నున్నట్లు కన్పట్టును. భూమి గుండ్రన గనుక, ఈ రెండు స్థలములను కలుపు మిక్కిలి పొట్టిదారి గోళముపై ఒక మహావృత్తములోని ఖండము. ఆ ఖండము 65 డిగ్రీలు. డిగ్రీ యొక్కింటికి 111 కిలోమీటర్లు చొప్పున లెక్కింపగా 7,200 కిలోమీటర్లు దాటును, సూక్ష్మముగా గణించినచో 7,240, మైళ్లలో 4,500. మన పెద్దల ఆమడ నెనిమిది మైళ్లుగా గ్రహించినచో, 560 ఆమడలు. ఆ బాలుని నూలుపోగు తప్పినది నలువది కిలోమీటర్లు మాత్రమే. నా బద్ద తప్పినది నాలుగువందలకు పైగా.

బద్ద చేసిన దోష మేమి? బద్ద దోషము గాదు, పటము దోషమును గాదు. దాని స్వభావము నెఱుంగక కొలిచిన నా దోషము. మా తరగతిలోని పటము మెర్కేటరు అను నతడు 1569 లో నావికులకొఱకు కల్పించిన పద్ధతిని గీయబడినది. దిక్కు తప్పకుండుటకై ఆయన భూమధ్యరేఖనుండి దూరము పోయినకొలది భూమిని సాగదీసెను. నావికునకు దిక్కు ముఖ్యము గాని విస్తీర్ణము ముఖ్యము గాదు. ఆ పటమున గ్రీన్‌లాండు ఆఫ్రికాయంత కన్పట్టును. నిజమునకు ఆఫ్రికా దానికి పదునాలుగు రెట్లు. పటము క్రింద ముద్రించిన కొలమానము భూమధ్యరేఖయొద్ద మాత్రమే చెల్లును. కైరోయొద్దను కేప్‌టౌనుయొద్దను అదే కొలమానమును ప్రయోగించితిని గనుక లేని దూరము నాకు లభించినది.

నాకు సిగ్గు కలిగించిన సంగతి మఱియొకటి కలదు. ఈ పాఠమును నేను మా గురువుగారి యింటనే నేర్చియుండవలసినది. 1150 వ సంవత్సరమున భాస్కరాచార్యుడు రచించిన సిద్ధాంతశిరోమణియందు గోళాధ్యాయ మని యొక భాగము కలదు. ఉత్తరదక్షిణముగా నున్న రెండు నగరముల నడుమ దూరమును, వాని యక్షాంశముల భేదమును తెలిసికొన్నచో, త్రైరాశికముచేత భూపరిధి యంతయు తెలియునని ఆయన యందు చెప్పినాడు. నేను పదునెనిమిదేండ్లవాడనై యున్నప్పుడు ఆ భాగమును అప్పగించితిని. పదునెనిమిదేండ్లకు అప్పగించినది ఇరువదియెనిమిదేండ్లకు గుర్తు లేకపోయినది. గోళ మాడుకొనుటకు అను మాట నా నోట వచ్చినది.

ఈ త్రైరాశికము ఆఫ్రికాభూమిపైననే, భాస్కరునకు పదునాలుగు శతాబ్దములకు పూర్వము, ఆఫ్రికాలోని రెండు నగరముల దూరమును పట్టికొనియే జరిగినది. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరపు గ్రంథాలయమునకు అధికారియైన ఎరటోస్తెనీసు అను విద్వాంసుడు, దక్షిణమున సియీను అను నూర, అనగా నేటి ఆస్వాను నగరమున, ఉత్తరాయణాంతదినమున మిట్టమధ్యాహ్నము నీడ పడదని వినెను. అదే దినమున అలెగ్జాండ్రియాలో నీడ పడుచుండెను. ఆ నీడను కొలిచి, కోణము వృత్తములో ఏబదియవ వంతని కనుగొనెను. రెండు నగరముల నడుమ దూరము 5,000 స్టేడియములని అంగీకరించి, భూపరిధి 250,000 స్టేడియములని నిర్ణయించెను. ఈ రెండు నగరములు ఒకే రేఖాంశముపై లేవు. మూడు డిగ్రీల భేదమున్నది. అయినను ఆయన యుక్తి చెడలేదు. పంచాంగము చూచువారికి శంకువు, నీడ క్రొత్తవి గావు గదా. ఆ కథ చదివినప్పుడు నాకు మన యింటివాని కథవలె నుండెను.

నీడమాట వచ్చినది గనుక చిన్న ముచ్చట చెప్పి ముందుకు సాగెదను. కైరోలో మధ్యాహ్నపు సూర్యుడు సంవత్సరము పొడవునను దక్షిణముననే యుండును. కేప్‌టౌనులో ఉత్తరముననే యుండును. ఈజిప్టురాజు నెకో యాజ్ఞచేత ఫినీషియా నావికులు మూడేండ్లపాటు ఆఫ్రికాను చుట్టివచ్చిరనియు, పడమరగా పోవునప్పుడు సూర్యుడు తమకు కుడివైపున నుండెనని చెప్పిరనియు హెరొడోటసు వ్రాసినాడు. వ్రాసి, ఈ మాట నేను నమ్మనని చేర్చినాడు. ఆయన నమ్మని ఆ మాటయే వారు నిజముగా దక్షిణమునకు పోయిరని మనల నమ్మించుచున్నది. గురువులు త్రోసివేసిన సమాధానములలో అట్టివి కొన్ని యుండును.

భూమార్గమును గూర్చి కొలదిగా చెప్పెదను. ఎవార్టు గ్రోగను అను ఆంగ్లేయ యువకుడు 1898 లో దక్షిణమునుండి బయలుదేరి, చాలదూరము నడచి, 1900 సంవత్సరారంభమున కైరో చేరెను. సెసిలు రోడ్సు కేప్‌టౌనునుండి కైరోవఱకు ఇనుపదారి వేయవలెనని కలగనెను. 1902 లో ఆయన మరణించెను. 1905 లో జాంబెజీనదిమీద విక్టోరియా జలపాతము చెంత వంతెన యేర్పడెను. ఉత్తరపు పట్టాలును దక్షిణపు పట్టాలును నేటికిని కలిసికొనలేదు. మోటారుబండ్లమీద కోర్ట్ ట్రీట్ దంపతులు 1924 సెప్టెంబరు 23 న కేప్‌టౌను విడిచి 1926 జనవరి 24 న కైరో ప్రవేశించిరి. పదునాఱు మాసములు! ఏనుగు వయస్సు చాలదన్నట్లు, బండి దిగబడుటయు లేపుటయు ఆ యాత్రలో ప్రధానకార్యము లాయెను.

ఇక ఆకాశము. మొదటి ప్రపంచయుద్ధము ముగియగనే టాంగన్యికా జర్మనులచేతినుండి బ్రిటిషువారి చేతికి వచ్చెను. అప్పుడు కైరోనుండి కేపువఱకు వారి యధికారము క్రింద నున్న భూమి ఒక వరుసగా కుదిరెను. క్రింద భూమి తమది కానిచో విమానము దిగుటకు చోటు లేదు. ఆ కాలపు విమానమునకు దినమున కొకటి రెండుసార్లైనను దిగక గతి లేదు. 1919 లో మూడు సర్వే బృందములు దారిని మూడు భాగములుగా పంచుకొని, మైదానములు సిద్ధము చేయించినవి. అడవులు కొట్టవలెను. కొట్టిన మొద్దులను వేళ్లతో పెకలింపవలెను. అన్నిటికంటెను కష్టము చెదపుట్టలు. ఆ దేశమున చెదపుట్ట యనగా మన దొడ్లలోని పుట్ట గాదు. ఇల్లంత యెత్తు, రాతివంటి గట్టిదనము. వందలకొలది ఆఫ్రికా కూలివాండ్రు మాసములతరబడి పలుగుపాఱలతో వానిని త్రవ్వి, గంపలతో మోసి, నేల చదును చేసిరి. విమానము నడిపినవారి పేర్లు నాకు తెలియును. ఈ నేల చదును చేసినవారి పేరొక్కటియు నేను చదివిన పుస్తకములలో కనబడలేదు.

1920 ఫిబ్రవరి 4 న ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్సునుండి పియెరె వాన్ రైనెవెల్డు, క్విన్‌టిను బ్రాండు అను నిరువురు దక్షిణాఫ్రికా దేశీయులు బయలుదేరిరి. వారి విమానము వికర్సు వైమీ. దాని పేరు సిల్వర్ క్వీను, అనగా రజతరాణి. రెండు ఇంజనులు, రెండంతస్తుల రెక్కలు, గుడ్డ కప్పిన చట్రము. గంటకు 160 కిలోమీటర్లు మించని వేగము. వారు కైరో దాటి ఖార్టూమునకు పోవుచుండగా రాత్రివేళ ఒక ఇంజను రేడియేటరు కారసాగెను. కొరొస్కో యనుచోట చీకటిలో దిగబోయి బండలకు కొట్టుకొనిరి. విమానము విఱిగినది, మనుష్యులు బ్రతికిరి, ఇంజనులును బ్రతికినవి. ఆ ఇంజనులను కైరోకు మరల మోయించి, అక్కడి వైమానికదళమువా రిచ్చిన వేఱొక వైమీకి తగిలించి, రెండవ రజతరాణి యని పేరుపెట్టి, ఫిబ్రవరి 22 న మఱల నెగిరిరి.

ఈ రెండవది మార్చి 5 న బులవాయో చేరెను. మఱునాడు లేవబోయి లేవలేక కూలినది. దీనికి కారణము చిన్నపిల్లలకును చెప్పదగినది. బులవాయో సముద్రమట్టమునకు 1,300 మీటర్లకు పైగా నున్నది. ఎత్తున గాలి పలుచన. ఎండకు గాలి యింకను పలుచన. రెక్కకు ఆనిక యిచ్చునది గాలియే. ఇంజనులో చమురు మండుటకు సాయపడునదియు గాలియే. పలుచని గాలిలో రెక్క మోయలేదు, ఇంజను లాగలేదు. నేలపై నెక్కువదూరము పరుగెత్తవలెను. ఆ మైదానమున నంత దూరము లేదు. ఆఫ్రికా తూర్పుభాగమంతయు ఎత్తైన పీఠభూమి యగుటచేత ఈ చిక్కు నైరోబీయందును జోహన్నెస్‌బర్గునందును కలదు. పటము చూచినవానికి ఇది తెలియదు; పటమున దూర మున్నది గాని గాలి లేదు.

ఇరువురకును ఈసారియు ప్రాణభయము తప్పినది. దక్షిణాఫ్రికా ప్రభుత్వమువారు డీహావిలాండు-9 రకపు విమానము నొకదానిని బులవాయోకు పంపిరి. దానిలో మార్చి 17 న బయలుదేరి 20 వ తేదీన కేప్‌టౌనులో దిగిరి. ఇంగ్లండునుండి లెక్కింపగా 45 దినములు; కైరోనుండి రెండవసారి లేచిన దాదిగా 27 దినములు. గాలిలో నున్న కాలము మొత్తము ప్రయాణమునకు 109 గంటల 30 నిముషములు మాత్రమే. అనగా, ఎగిరిన ఒక్కొక్క గంటకు నేలపై దాదాపు తొమ్మిది గంటలు గడిపిరన్నమాట. ఒక్కొక్కరికి ఐదువేల పౌనుల బహుమానమును, సర్ బిరుదమును లభించెను. వారికంటె ముందే, జనవరి 24 న, బ్రూక్‌లాండ్సునుండియే బయలుదేరిన వేఱొక వైమీ, టైమ్సు పత్రికవా రేర్పాటు చేసినది, జంతుశాస్త్రవేత్తయైన చామర్సు మిచెలును ఎక్కించుకొని టబోరా వఱకు వచ్చి, ఫిబ్రవరి 27 న అచ్చట కూలిపోయెను. ఆయన ప్రయాణవృత్తాంతమునే పత్రికకు వ్రాసి తృప్తిపడవలసి వచ్చెను.

ఐదేండ్ల పిమ్మట ఆలను కాబమ్ అను వైమానికుడు ఇంకొక పద్ధతి నవలంబించెను. తొందర లేదు. 1925 నవంబరు 16 న లండను విడిచి, బులవాయో పాఠము మఱువక మునుపటికంటె బలమైన ఇంజను తగిలించుకొని, దారిలోని ప్రతి మైదానమును పరీక్షించుచు, తన యింజనీరు ఎలియట్టు, చలనచిత్రములు తీయు ఎమట్టు వెంటరాగా, 93 దినములకు, 1926 ఫిబ్రవరి 17 న, కేప్‌టౌను చేరెను. అదే విమానముతో, అవే యింజను భాగములతో తిరిగి లండను చేరుటకు ఆయనకు 15 దినములే పట్టెను. పోయినప్పుడు దారి నేర్చెను. వచ్చినప్పుడు దారిని వాడుకొనెను. 1928 లో లేడీ బెయిలీ యను నామె, ఐదుగురు బిడ్డల తల్లి, చిన్న విమానమున ఒంటరిగా బయలుదేరగా, స్త్రీ ఒంటరిగా సూడానుమీదుగా పోరాదని కైరోలో అధికారులు అడ్డుపడిరి. ఆమె వారి నొప్పించి, తోడు కుదుర్చుకొని, టబోరాలో విమానము విఱుగగా ఇంకొకటి తెప్పించుకొని, ఏప్రిలు చివర కేప్‌టౌను చేరెను. ఆమె తిరుగుప్రయాణమును పడమటి తీరముగుండ ఒంటరిగనే చేసెను.

1932 జనవరి 20 న ఇంపీరియల్ ఎయిర్‌వేసు సంస్థ లండనునుండి కేప్‌టౌనునకు తపాలా సర్వీసు నారంభించెను; ఏప్రిలునుండి ప్రయాణికులను ఎక్కించుకొనెను. మొత్తము దాదాపు 11 దినములు. రాత్రి ప్రయాణము లేదు. కైరోనుండి ఆస్వాను, వాడీహాల్ఫా, ఖార్టూము, మలకాలు, జూబా, విక్టోరియా సరస్సు టొడ్డున కిసుము, నైరోబీ, డొడొమా, మ్బేయా, మ్పికా, బ్రోకెన్‌హిల్లు, సాలిస్‌బరీ, బులవాయో, జోహన్నెస్‌బర్గు, కింబర్లీ, ఇట్లు దినమున కొన్ని మజిలీలు. నైలునదిపైనను సరస్సులపైనను జలవిమానములు, పీఠభూమిపైన చక్రముల విమానములు. ఈ పేర్లను వరుసగా చదువుచున్నప్పుడు నాకు మా తాతగారు చెప్పిన కాశీయాత్ర మజిలీలు జ్ఞప్తికి వచ్చును. అందు కొన్ని యూళ్ల పేర్లు మాఱినవి: సాలిస్‌బరీ నేడు హరారే; బ్రోకెన్‌హిల్లు నేడు కబ్వే. పాత వాడీహాల్ఫా పట్టణము ఆస్వాను ఎత్తైన ఆనకట్ట వెనుకటి నీటిలో 1964 లో మునిగినది.

1952 మే 2 న ప్రపంచమున మొట్టమొదటి జెట్ ప్రయాణికుల సర్వీసు లండనునుండి ఖార్టూము, ఎంటెబీలమీదుగా జోహన్నెస్‌బర్గునకు సాగెను. ఆ విమానము కామెట్టు. 36 మంది ప్రయాణికులు. 24 గంటలలోపు గమ్యము. పదునొకండు దినములు ఒక్క దినమైనది. కాని 1954 ఏప్రిలు 8 న, రోమునుండి కైరోకు లేచి, అటనుండి జోహన్నెస్‌బర్గునకు పోవలసిన కామెట్టు ఒకటి సముద్రముపై ముక్కలై పోయెను. 21 మందియు మరణించిరి. ఎత్తున గాలి పలుచన గనుక లోపల గాలిని నిలుపవలెను. లేచినప్పుడెల్ల ఉబ్బి, దిగినప్పుడెల్ల తగ్గి, లోహపు రేకు అలసి చీలినదని పరిశోధకులు నీటితొట్టిలో విమానమును ముంచి పరీక్షించి తేల్చిరి. లోహమునకును అలసట యుండును.

వేగము వచ్చిన పిమ్మట దూరమునకు ఇంకొక విఘ్నము కలిగెను. దక్షిణాఫ్రికాలో వర్ణభేదపాలన సాగుచుండుటచేత, 1963 లో పెక్కు ఆఫ్రికా దేశములు ఆ దేశపు విమానములను తమ యాకాశముమీదుగా పోనీయమని నిషేధించెను. దక్షిణాఫ్రికా విమానములు ఐరోపాకు పోవలసినచో పడమటి సముద్రముమీదుగా ఆఫ్రికా పొట్టను చుట్టి పోవలసి వచ్చెను. మహావృత్తము అట్లే యున్నది. దానిమీద పోవుటకు అనుమతి లేదు. ఈ నిషేధము న్యాయమని నా యభిప్రాయము. 1860 లో మదరాసునుండి ట్రూరో యను ఓడలో నేటాలు చెఱకుతోటలకు పోయిన కూలివాండ్రలో మనవారును ఉండిరి. వారి సంతతివారు 1931 లో అచ్చట ఆంధ్ర మహాసభ నేర్పరచుకొని తెలుగును నిలుపుకొనిరి. వర్ణభేదపు చట్టములు వారి యిండ్లను వాడలను గూడ విడదీసినవి. 1990 తరువాతి సంవత్సరములలో ఆ పాలన సడలుటతో ఆకాశము తెఱువబడెను; 1994 లో అందఱును ఓటు వేసిన ఎన్నికలు జరిగెను.

ఇక నేటి లెక్క. కైరోనుండి కేప్‌టౌనునకు నేరుగా ఒక జెట్ విమానము పోయినచో తొమ్మిది గంటలకు కొంచెము తక్కువగనో ఎక్కువగనో పట్టును. దూరమును వేగముచే భాగించినచో ఎనిమిదిన్నర వచ్చును. ఎక్కుటకు దిగుటకు అరగంట చేర్చవలెను. తూర్పుపడమరలుగా పోవు విమానమునకు ఎత్తున వీచు పెనుగాలి ఒకప్పుడు సాయము, ఒకప్పుడు అడ్డము. ఉత్తరదక్షిణముగా పోవుదానికి ఆ గాలి ప్రక్కనుండి తగులును గనుక పోకకును రాకకును భేదము స్వల్పము. గడియారము త్రిప్పవలసిన పనియు తక్కువ. సూర్యునిబట్టి చూచినచో రెండు నగరములకును 51 నిముషములే, మన లెక్కలో రెండు ఘడియలకు కొంచెము పైన. ఎక్కువమంది నేరుగా పోక, మధ్య నొకచోట దిగి విమానము మాఱుదురు. జోహన్నెస్‌బర్గుమీదుగా పోయినచో కైరోనుండి అచ్చటికి ఎనిమిది గంటలు, అచ్చటినుండి రెండు. ఆడిస్ అబాబామీదుగా పోయినచో రెండు సరళఖండములును కలిసి 7,700 కిలోమీటర్లు.

ఈ లెక్కయు స్థిరము గాదు. 2023 ఏప్రిలు 15 న ఖార్టూములో యుద్ధ మారంభమై, విమానాశ్రయముననే కాల్పులు జరిగి, సూడాను ఆకాశము ప్రయాణికుల విమానములకు మూయబడెను. కైరోనుండి దక్షిణమునకు పోవు విమానములు చుట్టు తిరిగి పోవలసి వచ్చెను. రజతరాణి దిగిన ఖార్టూము, కాబమ్ దిగిన ఖార్టూము, కామెట్టు దిగిన ఖార్టూము!

ఆ బాలుని సంగతి చెప్పి ముగించెదను. వాడు ఇంజనీరై, ఉద్యోగరీత్యా దేశములు తిరుగుచున్నాడని విని, వాని తమ్ముని యొద్ద నంబరు సంపాదించి, ఆ నూలుపోగే సరియైనదని చెప్పుటకు పోయిన యేడు టెలిఫోను చేసితిని. వాడు నవ్వి, ఆ పరీక్ష తనకు గుర్తున్నదనెను. ముప్పదియేడు సంవత్సరములు గడచిన పిమ్మటను గుర్తున్నదనగా నాకు మాట రాలేదు. తాను క్రిందటి నెలలోనే కైరోలో ఎక్కి, ఆడిస్ అబాబాలో మాఱి, కేప్‌టౌనులో దిగితిననెను. "సూడానును చుట్టి పోయాము మాస్టారండీ. విమానం తిరిగిన దూరం మీరు చెప్పిన సంఖ్యకే దగ్గఱ. మీ లెక్కే గెలిచింది" అనెను.

అది శిష్యుని మర్యాద. నేను దానిని అంగీకరింపలేదు. నేనడిగిన ప్రశ్న విమానము పోయిన దూరమును గూర్చినది గాదు. రెండు నగరముల నడుమ దూరమును గూర్చినది. దానికి సమాధానము వాడు వ్రాసినదే. ఆ ప్రశ్నకు ఐదు మార్కులు. ఐదును నీవేనని చెప్పితిని. "సరేనండీ, వేసుకుంటాను" అనెను. అటు వెనుక వాని పిల్లల చదువులను గూర్చి అడిగితిని.